మందు ఏ దారిన? డాక్టరును అడగవలసిన మాట

మందు ఒంట్లోకి వెళ్లే దారులు చాలా ఉన్నాయి. మాత్ర, సిరప్ నోటి గుండా వెళ్తాయి. కొన్ని బిళ్లలు నాలుక కిందే కరిగి రక్తంలో కలుస్తాయి. ఉబ్బసం మందును ఊపిరితో లోపలికి పీలుస్తారు. కంటికి చుక్కలు, చర్మానికి పూత, అంటించే పట్టీ, ముక్కులో కొట్టే స్ప్రే, మలద్వారంలో పెట్టే గుళిక ఉన్నాయి. సూదిలోనూ రకాలున్నాయి: చర్మం కిందికి వేసేది ఒకటి, కండకు వేసేది ఒకటి, నరంలోకి ఎక్కించేది మరొకటి. ఒకే మందు రెండు మూడు రూపాల్లో దొరకడం మామూలే. జ్వరానికి వాడే పారాసెటమాల్ మాత్రగా, సిరప్‌గా, చుక్కల మందుగా, గుళికగా, నరంలోకి ఎక్కించే సీసాగా కూడా దొరుకుతుంది.

ఏ దారిన ఇచ్చారన్న దాన్ని బట్టి మందు పనిచేసే వేగం మారుతుంది. మోతాదు మారుతుంది. రాగల ఇబ్బందులు మారతాయి. ఖర్చు మారుతుంది. ఇంట్లోనే వాడుకోవచ్చా, ప్రతిసారీ ఆసుపత్రికి పరుగెత్తాలా అన్నదీ మారుతుంది. ఇంత ముఖ్యమైన విషయం మీద డాక్టరు గదిలో చాలాసార్లు ఒక్క మాటా నడవదు. డాక్టరు చీటీ రాస్తారు, రోగి చీటీ అందుకుంటాడు, అంతటితో సరి. "ఈ మందును వేరే విధంగా తీసుకునే వీలుందా?" అని ప్రతి రోగీ అడగాలి, ప్రతి డాక్టరూ దానికి జవాబు చెప్పాలి. ఈ కరపత్రం కోరేది ఇదే.

సూది మీద నమ్మకం

తెలుగు పల్లెల్లో, బస్తీల్లో "సూది వేస్తే గానీ తగ్గదు" అన్న మాట తరాలుగా ఉంది. వరినాట్ల రోజుల్లో ఊళ్లోని చిన్న క్లినిక్కుల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. రెండు రోజులుగా జ్వరంతో, ఒళ్లు నొప్పులతో ఉన్న కూలీ మనిషి బల్ల మీద పడుకుని ఉంటుంది. కిటికీ ఊచకు కట్టిన తాడుకు సెలైన్ సీసా వేలాడుతుంటుంది. చుక్క చుక్కగా మందు దిగుతుంటే ఇంటివాళ్లు పక్కన కూర్చుని సీసా ఎంత ఖాళీ అయిందో చూస్తుంటారు. సీసా అయిపోయేసరికి రెండు మూడు రోజుల కూలి డబ్బు కూడా అయిపోతుంది.

ఆ సీసాలో ఏముందో దాని మీదే రాసి ఉంటుంది. 0.9 శాతం సెలైన్ అంటే అర లీటరు నీటిలో నాలుగున్నర గ్రాముల ఉప్పు, అంటే చెంచాకు కాస్త తక్కువ. 5 శాతం గ్లూకోజ్ అంటే అర లీటరు నీటిలో 25 గ్రాముల గ్లూకోజ్. దాని నుంచి వచ్చే శక్తి 85 నుంచి 100 కెలోరీలు, సుమారుగా రెండు ఇడ్లీల పాటి. మింగగలిగి, వాంతులు లేని మనిషికి ఆ ఉప్పు, ఆ చక్కెర, ఆ నీళ్లు గంజిలోనూ మజ్జిగలోనూ దొరుకుతాయి. సీసా ఎక్కించాక ఒంట్లో ఓపిక వచ్చినట్టు అనిపించడం నిజమే. గంటసేపు పడుకోవడం, నీటి లోటు తీరడం, సీసాలో కలిపిన నొప్పి తగ్గించే మందు, కొన్నిసార్లు స్టెరాయిడ్ అందుకు కారణాలు. జబ్బు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

ఈ అలవాటు రెండు వైపుల నుంచీ పెరిగింది. సూది వేయకపోతే రోగి మరో చోటికి వెళ్లిపోతాడని వైద్యం చేసేవారు అనుకుంటారు. వేశారంటే అవసరమయ్యే వేసి ఉంటారని రోగి అనుకుంటాడు. ఒకరినొకరు అడగకపోవడంతో అవసరం లేని సూది ఇద్దరి సమ్మతితోనే పడిపోతుంది. ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఈ అపోహ ముడి వీడుతుంది.

అనవసరమైన సూదితో ముప్పు

సూది చర్మమనే కోటగోడను దాటి వెళ్తుంది. శుభ్రత ఏమాత్రం తప్పినా కురుపు లేస్తుంది, చీము పడుతుంది. పిరుదు మీద వేయవలసిన చోటు తప్పితే కాలికి వెళ్లే పెద్ద నరం (నెర్వ్) దెబ్బతిని పాదం వాలిపోవచ్చు. చిన్న పిల్లల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఏదైనా మందు పడకపోతే, మాత్ర అయినప్పటి కంటే నరంలోకి ఎక్కించినప్పుడు ఆ ప్రతిచర్య వేగంగా, తీవ్రంగా వస్తుంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి సెలైన్ అడ్డూ అదుపూ లేకుండా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. షుగర్ ఉన్నవారికి గ్లూకోజ్ సీసా షుగర్‌ను పెంచుతుంది.

వానాకాలపు జ్వరాల్లో మరో ప్రమాదం పొంచి ఉంటుంది. ఆ జ్వరం డెంగీ అయితే రక్తం గడ్డకట్టే శక్తి తగ్గి ఉండవచ్చు. అప్పుడు కండకు సూది వేస్తే లోపల రక్తం చేరుతుంది. నొప్పులకని వేసే డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని మరింత పెంచవచ్చు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు జ్వరానికి పారాసెటమాల్ మాత్రే సరైన మందు.

ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడితే వచ్చే ముప్పు అన్నిటికంటే పెద్దది. జబ్బు ఉన్నవారికి వాడిన సూది ఆసుపత్రి సిబ్బందికి పొరపాటున గుచ్చుకున్నప్పుడు, టీకా వేయించుకోనివారైతే హెపటైటిస్-బి సోకే అవకాశం నూటికి 30 దాకా ఉంటుంది. హెపటైటిస్-సి నూటికి రెండు మూడు, హెచ్‌ఐవీ వెయ్యికి మూడు. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజీలనే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్-బి ప్రబలి ఎందరో చనిపోయారు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవు ప్రాంతంలో పదుల సంఖ్యలో జనానికి హెచ్‌ఐవీ బయటపడింది. తక్కువ డబ్బుకు, ఒకే సూదితో అందరికీ వైద్యం చేసిన అర్హత లేని వ్యక్తే కారణమని అధికారులు తేల్చారు. ఆ జనం వచ్చింది జలుబుకు, జ్వరానికి, నొప్పులకు. మాత్రలతో పోయే బాధలకు వచ్చి జీవితకాలపు జబ్బును ఇంటికి మోసుకుపోయారు.

సూది తప్పనిసరైన వేళలు

సూదికి భయపడి ప్రాణం మీదికి తెచ్చుకోవడం కూడా తప్పే. పాముకాటుకు విషం విరుగుడు నరంలోకే ఎక్కించాలి. కుక్కకాటుకు టీకా సూది తప్పదు. గాయం లోతైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. మందు పడక గొంతు బిగిసి, బీపీ పడిపోతే వెంటనే తొడ కండకు అడ్రినలిన్ వేయాలి. ప్రసవం తర్వాత రక్తస్రావం ఆగడానికి, గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చినప్పుడు సూదే ప్రాణం నిలుపుతుంది. స్పృహ లేనివారికి, ఆగకుండా వాంతులు అవుతున్నవారికి, ఒంట్లో నీరంతా పోయి నాడి అందనివారికి, ఇన్ఫెక్షన్ రక్తంలో పాకినవారికి నోటి మందు సరిపోదు.

కొన్ని మందులకు నోటి దారి పనికిరాదు. ఇన్సులిన్ ఒక ప్రోటీన్. మింగితే కడుపులోని రసాలు దాన్ని అన్నంలోని పప్పులాగే అరిగించేస్తాయి. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌ను మింగితే పేగు నుంచి రక్తంలోకి చేరదు. ఇలాంటి చోట డాక్టరు చెప్పిన సూదిని వెనకాడకుండా వేయించుకోవాలి. ప్రశ్న అడిగితే ఆ కారణమూ తెలుస్తుంది. కారణం తెలిసిన రోగి సూదిని ధైర్యంగా వేయించుకుంటాడు.

నోటి మందు బలం

మాత్ర అంటే బలహీనమైన మందు అన్న అభిప్రాయం తప్పు. మెట్రోనిడజోల్, లెవోఫ్లాక్సాసిన్, లినెజోలిడ్, ఫ్లూకొనజోల్ వంటి మందులు మింగినా దాదాపు మొత్తం రక్తంలోకి చేరతాయి. పేగు సరిగా పనిచేస్తున్న రోగికి వీటిని నరంలోకి ఎక్కించడం వల్ల అదనంగా కలిసొచ్చేది చాలా తక్కువ. అందుకే ఆసుపత్రిలో సూదితో మొదలుపెట్టిన యాంటీబయాటిక్‌ను రెండు మూడు రోజుల్లో మళ్లీ పరిశీలించి, జ్వరం దిగి రోగి తినగలుగుతుంటే మాత్రకు మార్చడం మంచి వైద్యంలో భాగం. నరంలోకి మందు ఎక్కించడానికి చేతికి పెట్టిన గొట్టం (కాన్యులా) ఎంత త్వరగా తీస్తే అంత మేలు. రోగి అంత త్వరగా ఇల్లు చేరతాడు.

నోటి మందు ఎంతమందిని బతికించగలదో 1971లో లోకానికి తెలిసింది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో పోయించి తాగించారు. నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నూటికి నాలుగు లోపుకు దిగాయి. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ ద్రావణానికి మెరుగైన రూపమే నేటి ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, ఆ రోజే వాడేయాలి. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని అమ్ముడుపోయిన తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాలు ఓఆర్‌ఎస్ పేరు వాడరాదని ఆదేశించింది. తాగే మందు విషయంలోనూ "ఇది అసలుదేనా?" అని అడగవలసిన అవసరాన్ని ఆ పోరాటం నేర్పింది.

క్షయ వైద్యం మరో ఉదాహరణ. మందులకు లొంగని టీబీకి ఒకప్పుడు నెలల తరబడి రోజూ సూది వేసేవారు. కెనామైసిన్ వంటి ఆ సూదులతో ఎందరికో వినికిడి పోయింది. 2018 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ పూర్తిగా నోటి మందుల వైపు మొగ్గింది. 2024 సెప్టెంబరులో భారత ప్రభుత్వం నాలుగు నోటి మందుల, ఆరు నెలల వైద్యాన్ని ఆమోదించింది. ఇంకా ముందు, 1940ల్లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం వెలికితెచ్చిన డీఈసీ బోదకాలు వ్యాధికి మింగే మందు. బోదకాలు (ఫైలేరియా) ఉన్న జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించేది ఆ మాత్రనే. పది మంది చేతుల్లో సిరంజీ పెట్టనక్కర లేకుండా ఊరంతటికీ మందు అందడం నోటి దారి చలవే.

జబ్బు ఎక్కడుందో మందు అక్కడికి

మంచి దారి ఏదన్న ప్రశ్నకు ఒక తేలికైన సూత్రం ఉంది: వీలైతే జబ్బు ఉన్న చోటికే మందు చేరాలి. రోటా వైరస్ విరేచనాలు పేగులో వస్తాయి. అందుకే హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్ టీకాను చుక్కలుగా నోట్లో వేస్తారు. 2016లో ఈ టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఉబ్బసం ఊపిరి గొట్టాల్లో ఉంటుంది. సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్రలో 4 మిల్లీగ్రాములు, అంటే 40 పఫ్‌ల మందు. మాత్ర మింగితే అంత మందూ ఒళ్లంతా తిరిగి, గుండె దడ, చేతుల వణుకు తెచ్చి, ఊపిరితిత్తులకు ఆలస్యంగా చేరుతుంది. పఫ్ నిమిషాల్లో పనిచేస్తుంది. అయినా "పీల్చే మందు అలవాటైపోతుంది", "అది చివరి దశ మందు" అన్న భయాలతో ఎన్నో కుటుంబాలు పిల్లలకు ఏళ్ల తరబడి మాత్రలు, సిరప్‌లు, సూదులే వాడిస్తున్నాయి. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప మందు కోసం వేలమంది బారులు తీరడం ఉబ్బసం పెట్టే బాధ ఎంతటిదో చెబుతుంది. ఆ చేప మందుకు శాస్త్రీయ రుజువు లేదు, ఇన్‌హేలర్‌కు ఉంది. ఇన్‌హేలర్ వాడే పద్ధతి మాత్రం డాక్టరో నర్సో ఎదుట చేసి చూపాలి. చిన్న పిల్లలకు, వయసు మళ్లినవారికి స్పేసర్ అనే గొట్టం తగిలిస్తే మందు గొంతులో అతుక్కోకుండా లోపలికి చేరుతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నోరు పుక్కిలించాలి.

మింగలేనివారు, పసిపిల్లలు

పక్షవాతం వచ్చినవారికి, ముసలివారికి మాత్ర గొంతు దిగదు. ఇంట్లో దాన్ని రోట్లో నూరి నీళ్లలో కలిపి పోస్తారు. అన్ని మాత్రలనూ అలా నూరకూడదు. పేరు చివర ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉన్నవి రోజంతా కొద్దికొద్దిగా మందు వదిలేలా తయారైనవి. నూరితే రోజంతటి మోతాదు ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. షుగర్ మాత్ర, బీపీ మాత్ర విషయంలో అది ప్రమాదం. గ్యాస్‌కు వాడే పాంటోప్రజోల్ మీది పూత దాన్ని కడుపులోని యాసిడ్ నుంచి కాపాడుతుంది. పూత పగిలితే మందు వృథా. మింగలేని సంగతి డాక్టరుకు చెబితే సిరప్, నీటిలో కరిగే మాత్ర, నోట్లో కరిగే మాత్ర వంటి రూపాల్లో తగినది రాయగలరు.

పసిపిల్లల మందులో తేడా చుక్కల్లోనే ఉంటుంది. పారాసెటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. మామూలు సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 120 లేదా 125. సిరప్ అనుకుని చుక్కల మందు అయిదు మిల్లీలీటర్లు పోస్తే బిడ్డకు నాలుగు రెట్లు పడుతుంది. వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతవి కావు గనక సీసాతో వచ్చిన కొలత కప్పు, డ్రాపరే వాడాలి.

ఫిట్స్ అయిదు నిమిషాలు దాటినా ఆగని బిడ్డ నోట్లో ఏదీ పోయకూడదు, పెట్టకూడదు. అలాంటి పిల్లలకు డాక్టరు ముందే రాసి ఇస్తే, ముక్కులో కొట్టే మిడాజోలం స్ప్రేను తల్లిదండ్రులే ఇంట్లో వాడి ఆసుపత్రికి బయలుదేరవచ్చు. ఈ దారి ఉందని తెలియక బిడ్డను ఎత్తుకుని మైళ్లు పరుగెత్తే తల్లులు ఇంకా ఉన్నారు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్‌ను మింగకూడదు, కూర్చుని వాడాలి, బీపీ ఒక్కసారిగా తగ్గవచ్చు. బీపీ పెరిగిందని నిఫెడిపిన్ గుళికను చీల్చి నాలుక కింద పిండే పాత అలవాటు ప్రమాదకరమని వైద్యులు ఎప్పుడో మానేశారు.

ఇన్సులిన్ విషయంలో సిరంజీ ఏదన్నదీ చూసుకోవాలి. మన దేశంలో 40 యూనిట్ల సీసాలు, 100 యూనిట్ల సీసాలు రెండూ ఉన్నాయి. ఎర్ర మూత సిరంజీ 40కి, నారింజ మూతది 100కి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజీతో 10 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. సీసా మారినప్పుడల్లా, పెన్నుకు మారినప్పుడల్లా మూత రంగు చూపించి అడగాలి.

అడగవలసిన ప్రశ్నలు

చీటీ చేతికి అందే ముందు ఈ ఆరు ప్రశ్నలు చాలు:

1. ఈ మందు మాత్రగానో సిరప్‌గానో సరిపోతుందా? సూది అయితే ఎందుకు?
2. సూదితో మొదలుపెడితే, మాత్రకు ఎప్పుడు మార్చవచ్చు?
3. పరగడుపునా, తిన్నాకా? పాలు, టీ, కాఫీలతో తీసుకోవచ్చా? ఐరన్ మాత్రను టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు.
4. మాత్రను నూరవచ్చా, విరవవచ్చా? మింగలేకపోతే వేరే రూపం ఉందా?
5. ఇన్‌హేలర్, ఇన్సులిన్, కంటి చుక్కలు వాడే పద్ధతిని చేసి చూపుతారా?
6. వాంతి అయితే, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి?

అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పక్కన ఉన్న కొడుకో కోడలో అడిగినా సరే. గర్భం, బిడ్డకు పాలివ్వడం, కిడ్నీ జబ్బు, ఇంతకుముందు పడని మందు, ఇంట్లో వాడుతున్న ఇతర మందులు డాక్టరుకు ముందే చెప్పాలి. జవాబు విన్నాక మందు రూపాన్ని సొంతంగా మార్చకూడదు. మార్చే నిర్ణయం డాక్టరుదే.

ఈ ప్రశ్నలకు చట్టం అండ కూడా ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, వైద్యానికి సమ్మతి తీసుకునే ముందు ఆ వైద్యం స్వభావం, ముప్పు, అందుబాటులో ఉన్న ఇతర మార్గాలు రోగికి చెప్పాలని తీర్పు ఇచ్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో సమాచారం పొందే హక్కు, మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు ఉన్నాయి.

వ్యవస్థ చేయవలసినవి

భారమంతా రోగి నోటి మీద పెట్టడం న్యాయం కాదు. ఆసుపత్రులు, ప్రభుత్వాలు ఈ మార్పులు చేయాలి.

ప్రతి మందుల చీటీలో మందు పేరు పక్కన ఏ దారిన తీసుకోవాలో తెలుగులో రాయాలి. చదవలేనివారి కోసం నోరు, సూది, కన్ను, ముక్కు బొమ్మలు ముద్రించిన చీటీలు వాడవచ్చు. సూది రాస్తే కారణం ఒక్క మాటలోనైనా రాయాలి. ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగి సూది మందును మూడు రోజుల్లోపు మళ్లీ పరిశీలించి, మాత్రకు మార్చవచ్చా లేదా కేసు షీటులో నమోదు చేయాలి.

సిరంజీ ప్యాకెట్‌ను రోగి కళ్ల ముందే తెరవాలి, వాడిన వెంటనే సూదిని కట్టర్‌లో తుంచాలి. ఒకసారి వాడితే మళ్లీ పనిచేయని సిరంజీలకు మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే కోరింది. ప్రైవేటు క్లినిక్కులన్నిటిలో అది అమలు కావాలి.

అర్హత లేనివారు సూది వేయడం చట్టవిరుద్ధం. అయినా డాక్టరు దూరంగా, ఆర్‌ఎంపీ అని పిలిచే అర్హత లేని ఊరి వైద్యుడు దగ్గరగా ఉన్నంతకాలం జనం అక్కడికే వెళ్తారు. విలేజ్ క్లినిక్కుల్లో, పల్లె దవాఖానాల్లో, బస్తీ దవాఖానాల్లో ఓఆర్‌ఎస్, జింక్, పారాసెటమాల్, ఇన్‌హేలర్లు, స్పేసర్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. అప్పుడే చిన్న జ్వరానికి కిటికీ ఊచకు సీసా కట్టే అవసరం తప్పుతుంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ వెళ్లినప్పుడు పై ఆరు ప్రశ్నలను చదివి వినిపించాలి. మందుల షాపుల ఫార్మసిస్టులు మందు చేతిలో పెట్టేటప్పుడు వాడే పద్ధతి చెప్పాలి. ప్రతి ఓపీ గది గోడ మీద, డాక్టరు కూర్చునే కుర్చీకి ఎదురుగా, పెద్ద అక్షరాల్లో ఈ మాట ఉండాలి: "ఈ మందు ఏ దారిన, ఎందుకు? అడగండి."